ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లీషు పదాలు పట్టుకోవడం ఎలా? పాప హోంవర్కు, కొంచెం సాయం కావాలి

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి. సెలవుల్లో చేసుకురమ్మని బడిలో ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఏడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి: ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి. కింద ఒక్కటే వాక్యం. "ఈ అక్షరాలు ఉన్న పదాలు కనీసం 25 రాయండి" అని.

పాప ఈట్, టీ, సిట్, ర్యాట్ అంటూ కొన్ని రాసి, ఇంక రావడం లేదని పెన్సిల్ పక్కన పడేసింది. వాళ్లమ్మ ఫోన్‌లో ఏదో సైటు తెరిచి ఆ ఏడు అక్షరాలూ కొడితే కుప్పలు తెప్పలుగా పదాలొచ్చాయి. అందులో సగం మాకే అర్థం తెలీదు. నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ని. పిల్లకు పక్కన కూర్చుని చెప్పడానికి ఏదైనా పద్ధతి ఉంటే చెప్పండి. లిస్టు వద్దు, పద్ధతి కావాలి.

ఊరకే చూసేవాడు (కడప)

సైటులో వచ్చినవాటిలో 25 దించేయండి సార్. ఆరో తరగతి హోంవర్కుకి ఇంత టెన్షన్ ఎందుకు?

సీమ టీచరమ్మ (కడప)

దించితే ఏమవుతుందో నేను చెప్తాను, ఇంగ్లీషు టీచర్‌నే కాబట్టి. ఈ ఏడు అక్షరాలకు ఆ సైట్లు స్టియరిన్, రెట్సినా లాంటివి ఇస్తాయి. ఒకటి కొవ్వు నుంచి తీసే పదార్థం, రెండోది గ్రీసు దేశపు ద్రాక్షసారా. పాప రాసుకొచ్చిన కాగితంలో రెట్సినా కనిపిస్తే నేనైతే అందరి ముందూ నిలబెట్టి అర్థం అడుగుతాను. ఆ పిల్ల ఏం చెప్పాలి?

హంద్రీ ఒడ్డు గారూ, ముందు ఒక సంగతి తేల్చుకోండి. "అక్షరాలు ఉన్న పదాలు" అంటే ఆ అక్షరాలతోనే కట్టే పదాలా, ఆ అక్షరాలన్నీ ఉండి వేరేవి కూడా కలిసిన పదాలా? రెండూ పూర్తిగా వేరు. టీచర్‌కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి అడగండి.

మోడరేటర్

ఒక చిన్న మాట. ఈ వేదికలో తెలుగు లిపే వాడతాం కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగులు చెప్పాల్సి వచ్చినప్పుడు ఎస్-టి-ఎ-ఆర్ అని గీతలు పెట్టి రాయండి. స్టేర్ అని రాస్తే మెట్టా, గుడ్లప్పగించి చూడటమా అని పోయినసారి పెద్ద గొడవైంది.

జెడ్ సిరీస్ (కర్నూలు)

మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మా బస్సుల నంబర్లలో జెడ్ ఉంటుంది, అందరూ చూసే ఉంటారు. పోలీసు బండ్లకు పి ఎలాగో మాకు జెడ్ అలాగ. మా మనవడు సెలవులకు వచ్చినప్పుడు కొత్త బస్టాండులో కూర్చోబెట్టి ఆడించే ఆట ఇదే. ఏపీ అనే రెండక్షరాలు, జెడ్ ఒకటి, మొత్తం మూడు. ఎ, పి, జెడ్ మూడూ ఉన్న పదం చెప్పాలి.

వాడు ముందు పిజ్జా అంటాడు, ఎప్పుడూ అదే. తర్వాత చింపాంజీ. నేను టోపజ్ అంటాను, మన పుష్యరాగం. సర్కసులో ఊగే ఊయల ట్రపీజ్. పడవ బోల్తా కొడితే క్యాప్‌సైజ్. అపాలజైజ్ కూడా వస్తుంది.

ఇప్పుడు అసలు తమాషా. వాడు కొంచెం ముదిరాక రూలు మార్చాను. నంబర్ ప్లేటు మీద ఉన్న వరుసలోనే రావాలి, ముందు ఎ, తర్వాత పి, ఆ తర్వాత జెడ్, మధ్యలో ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు అన్నాను. పిజ్జా ఎగిరిపోయింది. చింపాంజీ పోయింది, అందులో పి తర్వాతే ఎ వస్తుంది. టోపజ్ కూడా పోయింది. ట్రపీజ్, క్యాప్‌సైజ్, అపాలజైజ్ మిగిలాయి. మూడక్షరాలూ అవే, పదాలూ అవే, రూలు ఒక్కటి మారేసరికి సగం రాలిపోయాయి.

ఊరకే చూసేవాడు (కడప)

అపాలజైజ్‌లో ఎస్ కదా పెద్దాయనా?

సీమ టీచరమ్మ (కడప)

రెండూ ఒప్పే. అమెరికా వాళ్లు జెడ్ రాస్తారు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లు ఇంగ్లండులో ఉండి కూడా జెడ్ వైపే మొగ్గుతారు. మన బడి పుస్తకాల్లో ఎస్ ఎక్కువ కనిపిస్తుంది.

క్లాక్ టవర్ (అనంతపురం)

నేను జేఎన్‌టీయూలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. జెడ్ సిరీస్ గారు చెప్పినదాన్ని మా భాషలో పెడితే, అక్షరాలు ఇచ్చి పదాలు అడిగే ప్రశ్న ఒకటి కాదు, కనీసం నాలుగు.

ఇచ్చిన అక్షరాలన్నీ వాడి, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ కాకుండా పదం కట్టడం మొదటిది. లిజన్‌ని సైలెంట్ చేయడం అలాంటిదే, టిన్సెల్, ఎన్‌లిస్ట్ కూడా అవే ఆరక్షరాలు. ఇచ్చినవాటిలో కొన్నే వాడి చిన్న పదాలు కట్టడం రెండోది. అక్షరాల బిళ్లలతో పదాలు కట్టే స్క్రాబుల్ ఆట అంతా దీని మీదే నడుస్తుంది. ఇచ్చినవన్నీ ఉండాలి, బయటివి ఎన్నయినా కలవొచ్చు అనేది మూడోది, ప్లేటు ఆటలో మొదటి రూలు. వరుస కూడా తప్పకూడదు అనేది నాలుగోది.

పాప కాగితం మీద వాక్యం రెండోదానికీ సరిపోతుంది, మూడోదానికీ సరిపోతుంది. మూడోదైతే పిల్లకు చాలా కష్టం.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

టీచర్ జవాబిచ్చారు. ఆ అక్షరాలతోనే కట్టాలట, అన్నీ వాడక్కర్లేదట, ఒక పదంలో ఒక అక్షరం ఒక్కసారే రావాలట. అంటే క్లాక్ టవర్ తమ్ముడు చెప్పిన రెండో రకం. బతికిపోయాం.

కానీ తమ్ముడూ, మూడో రకం అంత కష్టమా? ఏడక్షరాలూ ఉన్న పెద్ద పదాలు మామూలు మాటల్లో ఉంటాయా?

క్లాక్ టవర్ (అనంతపురం)

ఉంటాయి, తట్టవు అంతే. రోజూ వాడేవే చూడండి. రిజిస్ట్రేషన్. రిజర్వేషన్. ప్రెజెంటేషన్. మూడింటిలోనూ ఆ ఏడు అక్షరాలూ ఉన్నాయి, వేలు పెట్టి లెక్కపెట్టుకోండి. వంటింట్లో టీ వడకట్టే స్ట్రెయినర్ కూడా అంతే. దాంట్లో ఈ ఏడూ కాక ఇంకొక ఆర్ మాత్రమే అదనం.

సీమ టీచరమ్మ (కడప)

భలే పట్టావు నాయనా. రేపు క్లాసులో అడుగుతాను.

ఇప్పుడు పద్ధతి. హంద్రీ ఒడ్డు గారూ, పాపతో మొదట అచ్చులూ హల్లులూ విడదీయించండి. మూడు అచ్చులు ఎ, ఇ, ఐ ఒక వరుస. నాలుగు హల్లులు ఎన్, ఆర్, ఎస్, టి ఇంకో వరుస. ఏడూ ఒకే వరుసలో ఉంటే పిల్లల కన్ను ఎడమ నుంచి కుడికే పోతుంది, కొత్త పదం కనపడదు. కొందరు గుండ్రంగా రాయిస్తారు, అదీ మంచిదే.

తర్వాత జంటలు. ఇంగ్లీషులో కొన్ని అచ్చులు జంటగా తిరుగుతాయి. ఇ-ఎ జంట పట్టుకుంటే టీ, ఈట్, సీ, సీట్, ఈస్ట్, ఇయర్, నియర్, టియర్ వరసగా వస్తాయి. ఎ-ఐ జంటకి రెయిన్, ట్రెయిన్, స్టెయిన్, సెయింట్, స్ట్రెయిన్, మెట్టు అనే స్టెయిర్, రిటెయిన్. చూడండి, రెండు జంటలకే పదిహేను అయ్యాయి. ఇంకా హల్లుల జంటలు ముట్టుకోలేదు.

హల్లుల్లో ఎస్-టి చివర పెడితే నెస్ట్, రెస్ట్. ఎన్-టి చివర పెడితే రెంట్, యాంట్. ఎస్-టి మొదట పెడితే స్టార్.

చివరి ఇ. నేను ప్రతి ఏడూ దీని మీద ఒక పీరియడ్ మొత్తం ఖర్చు పెడతాను. చిన్న పదం చివర ఇ తగిలించగానే లోపలి అచ్చు పలుకు మారిపోతుంది. ర్యాట్ రేట్ అవుతుంది, సిట్ సైట్ అవుతుంది, ఆకాశంలో స్టార్ కాస్తా గుడ్లప్పగించి చూసే స్టేర్ అవుతుంది (మోడరేటర్ గారూ, ఎస్-టి-ఎ-ఆర్-ఇ). ఇది తెలిసిన పిల్ల పాత పదాల నుంచే కొత్తవి లాగేస్తుంది. సైటులో కొడితే ఈ మెలకువ రాదు. అందుకే దించొద్దన్నాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

మేడమ్, మీరు చెప్పినట్టు విడదీసి రాయించాను. పాప తనంతట తనే రిన్స్ కనిపెట్టింది, ఆర్-ఐ-ఎన్-ఎస్-ఇ. వాషింగ్ మెషిన్ మీద ఉంటుందట.

ఉగ్గాని ప్రియుడు (నంద్యాల)

పాపకు చెప్పండన్నా, అవే అయిదు అక్షరాల్లో ఇంకా మూడున్నాయని. సైరన్, రెజిన్, రిజన్. మాకు ఇవి కంఠతా. నేను ఇక్కడ నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో ఉన్నాను. రీజనింగ్‌లో ఈ ప్రశ్న మామూలుగా వస్తుంది. ఒక పదం ఇస్తారు, ఉదాహరణకు పర్సనాలిటీ. దాంట్లో రెండు, నాలుగు, ఏడు, ఎనిమిదో అక్షరాలు తీసుకుని అర్థమున్న ఇంగ్లీషు పదాలు ఎన్ని కట్టొచ్చు, ప్రతి పదంలో ప్రతి అక్షరం ఒక్కసారే వాడాలి అంటారు. ఏమీ లేవు, ఒకటి, రెండు, మూడు, మూడుకంటే ఎక్కువ అని ఆప్షన్లు.

ఆ నాలుగూ ఇ, ఎస్, ఎ, ఎల్. అందరికీ సేల్, సీల్ తడతాయి, రెండు అని పెట్టేసి పోతారు. ఎయిల్స్ ఉంది, ఒక రకం బీరుకి బహువచనం. లీస్ ఉంది, పచ్చిక బయళ్లు. కాబట్టి మూడుకంటే ఎక్కువ. మా సార్ ఒక చిట్కా చెప్పారు. ఎస్ ఉంటే ముందు దాన్ని చివరికి నెట్టు, మిగిలిన మూడింటితో పదం వస్తుందేమో చూడు అని. ఎయిల్ వచ్చింది, ఎయిల్స్ వచ్చింది. అలాగే లీ, లీస్.

ఓ, పి, ఎస్, టి ఇస్తే ఇంక పండగే. స్టాప్, పోస్ట్, స్పాట్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్. ఇది నోటికి రానివాడు మా బ్యాచ్‌లో ఎవడూ లేడు.

ఊరకే చూసేవాడు (కడప)

బహువచనాలను పదాలుగా లెక్కపెట్టడం నాకు నచ్చదు. పాట్స్ అనేది పాట్ కదా, కొత్త పదం ఎలా అయింది?

సీమ టీచరమ్మ (కడప)

బడిలో ఇది ఎవరి ఇష్టం వాళ్లది. నేనైతే ఒప్పుకోను, పిల్లలు ప్రతిదానికీ ఎస్ తగిలించి రెట్టింపు చేసుకుంటారు. స్క్రాబుల్‌లో ఒప్పుకుంటారు. అయితే ఆ ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్‌కి కూడా ఈ బెంగే ఉండేది. అందుకే వంద బిళ్లల్లో ఎస్ నాలుగే పెట్టాడు.

ఆయన ఆర్కిటెక్టు. 1930ల్లో అమెరికాలో ఉద్యోగాలు ఊడిపోయిన రోజుల్లో ఖాళీగా ఉండి, వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాడు. ఎక్కువగా వచ్చే ఇ కి పన్నెండు బిళ్లలు, ఒక్కో మార్కు. అరుదుగా వచ్చే క్యూ, జెడ్ ఒక్కొక్కటే, పదేసి మార్కులు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో వచ్చింది. ఇంకొకరు పెట్టారు.

ఇప్పుడు హంద్రీ ఒడ్డు గారి కాగితం చూడండి. ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి. ఏడూ ఒక్కో మార్కు బిళ్లలే. ఆ టీచర్ కావాలనే ఏరి ఇచ్చారు, పిల్లలకు పదాలు దండిగా రావాలని. అదే క్యూ, వి, జె, కె ఇచ్చి ఉంటే పెద్దవాళ్లం కూడా చేతులెత్తేసేవాళ్లం.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)

టీచరమ్మ గారు లెక్కపెట్టడం అనగానే నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. నేను తంతి శాఖలో చేశాను. మోర్స్ కోడ్‌లో ఇ అంటే ఒక్క చుక్క. టి అంటే ఒక్క గీత. ఎ కి చుక్క, గీత. ఐ కి రెండు చుక్కలు. ఎన్ కి గీత, చుక్క. అదే క్యూ కి గీత, గీత, చుక్క, గీత. ఎక్కువ పడే అక్షరానికి తక్కువ శ్రమ. మోర్స్‌తో పనిచేసిన ఆల్ఫ్రెడ్ వెయిల్ అనే ఆయన ముద్రణాలయానికి పోయి అరల్లో ఏ అక్షరం సీసపు అచ్చులు ఎన్ని ఉన్నాయో చూసి ఈ వరుస తెలుసుకున్నాడని చెబుతారు. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆపేశారు. నా వేళ్లకు మాత్రం ఇంకా అలవాటు పోలేదు.

అది సరే, నాకు ఇంకో సంగతి చెప్పాలని ఉంది. మా ఊరు అవధానాల ఊరు. గడియారం వేంకట శేషశాస్త్రి గారు, దుర్భాక రాజశేఖర శతావధాని గారు జంటగా అవధానాలు చేసిన చోటు. మీరు నాలుగు రకాలంటున్నారే, మన అవధానంలో వీటికి పాత పేర్లే ఉన్నాయి. ఫలానా చోట ఫలానా అక్షరం రావాలి అంటే న్యస్తాక్షరి. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే ప్రశ్న వేసే పృచ్ఛకుడు తర్వాతి అక్షరం ఇది రాకూడదు, అది రాకూడదు అని అడ్డం పడితే నిషిద్ధాక్షరి. ఒక వాక్యంలోని అక్షరాలను చెల్లాచెదురు చేసి, ఏది ఎన్నో స్థానంలోదో చెబుతూ మధ్యమధ్యలో చీటీలు అందిస్తే, చివర్లో అవధాని వాక్యమంతా కూర్చి చెప్పాలి. అది వ్యస్తాక్షరి.

మా మనవరాలు ఫోన్‌లో ఆడే వర్డిల్ చూశాను. అయిదక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. ఆకుపచ్చ గడి వస్తే ఆ అక్షరం అక్కడే ఉండాలి, అంటే న్యస్తాక్షరి. బూడిద రంగు వస్తే ఆ అక్షరం పదంలోనే లేదు, నిషిద్ధం. పసుపు వస్తే అక్షరం ఉంది గానీ చోటు అది కాదు. ఈ పసుపుకు అవధానంలో సరిపోయే అంశం లేదు. కావాలంటే ఎవరైనా పెట్టుకోవచ్చు.

క్లాక్ టవర్ (అనంతపురం)

పెద్దాయనా, మీ పోస్టు మా హాస్టల్ గ్రూపులో పంపాను. వర్డిల్ చేసింది జోష్ వార్డిల్ అనే ఆయన, 2021 అక్టోబరులో అందరికీ వదిలాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. నిషిద్ధాక్షరి అని ఎవరైనా వాళ్లకు చెప్పి ఉంటే బాగుండేది.

ఉగ్గాని ప్రియుడు (నంద్యాల)

తమ్ముడూ, ఆ సైట్లు అంత తొందరగా ఎలా చెప్పేస్తాయి? ఏడక్షరాలను అన్ని రకాలుగా తిప్పి చూస్తాయా?

క్లాక్ టవర్ (అనంతపురం)

తిప్పి చూస్తే దండగ. ఏడక్షరాలతో ఒక అక్షరం నుంచి ఏడు అక్షరాల దాకా వరుసలన్నీ వేస్తే 13,699 వస్తాయి. ఒక్కోటీ డిక్షనరీలో ఉందా అని చూడటం వెర్రి పని. కంప్యూటర్ దీన్ని అవతలి వైపు నుంచి చేస్తుంది.

డిక్షనరీలో ప్రతి పదాన్నీ ముందే తీసుకుని, దాని అక్షరాలను ఎ నుంచి జెడ్ వరుసలో పేర్చి పక్కన రాసి పెట్టుకుంటుంది. లిజన్‌ని అలా పేరిస్తే ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి. సైలెంట్‌ని పేర్చినా అదే. అంటే ఒకే తాళం చెవికి ఈ రెండూ, వాటితోపాటు టిన్సెల్, ఎన్‌లిస్ట్ అన్నీ వేలాడుతుంటాయి. మీరు అక్షరాలు ఇవ్వగానే వాటినీ పేర్చి ఆ చెవి దగ్గరికి పోతే చాలు. కొన్నే వాడాలి అంటే ఏడక్షరాల్లో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్న ఎంపికలు 127 మాత్రమే. ఒంటి అక్షరాలు వదిలేస్తే 120. 13,699 ఎక్కడ, 120 ఎక్కడ!

గమనించారో లేదో, పాప కాగితం మీద అక్షరాలు అప్పటికే ఆ వరుసలోనే ఉన్నాయి. ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి. ఆ చెవికి ఏడక్షరాల పదాలు రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్ వేలాడుతున్నాయి. కంటి వెనక పొర రెటినా. నాస్టియర్ అంటే ఇంకా చెడ్డ.

మూడో రకానికి, అంటే ఇచ్చినవన్నీ ఉండి బయటివీ కలిసినవాటికి, మా సార్ ఒక లెక్కల చిట్కా చెప్పారు. ఎ కి 2, బి కి 3, సి కి 5, డి కి 7, ఇ కి 11, ఇలా ప్రధాన సంఖ్యలు ఇస్తూ పోతే జెడ్‌కి 101 వస్తుంది. పదంలో అక్షరాల సంఖ్యలను గుణించు. బ్యాడ్ అంటే 3, 2, 7 గుణిస్తే 42. డ్యాబ్ కూడా 42. పూస అనే బీడ్, బి-ఇ-ఎ-డి, 462. దాన్ని 42 తో భాగిస్తే శేషం లేకుండా పోతుంది. అంటే బ్యాడ్‌లోని అక్షరాలన్నీ బీడ్‌లో ఉన్నట్టే. యాడ్ తీసుకుంటే రెండు డి లు, 98. అది 462 ని భాగించదు, ఎందుకంటే బీడ్‌లో డి ఒక్కటే. ఇలా అక్షరం రెండుసార్లు వచ్చే గొడవ కూడా తీరిపోతుంది. పదం మరీ పొడవైతే సంఖ్య కొండంత అవుతుంది, అప్పుడు వేరే దారి చూడాలి.

ఇంట్లో కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ ఉన్నవాళ్లకు ఇంకా సులువు. చాలా వాటిల్లో వర్డ్స్ అనే ఫైలు ఉంటుంది, పదాల జాబితా. గ్రెప్ అనే కమాండుతో దాంట్లో వెతకొచ్చు. కెన్ థాంప్సన్ 1973లో బెల్ ల్యాబ్స్‌లో రాసింది ఇప్పటికీ మా ల్యాబులో వాడుతున్నాం.

జెడ్ సిరీస్ (కర్నూలు)

గుణకారం దాకా అర్థమైంది. తర్వాత మా స్టాపు దాటిపోయింది తమ్ముడూ. అయినా బాగుంది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

పాప అడుగుతోంది, శారీ రాయొచ్చా అని. ఎస్-ఎ-ఆర్-ఐ. ఇంగ్లీషు పదమేనా?

సీమ టీచరమ్మ (కడప)

నిక్షేపంగా రాయొచ్చు. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఎప్పుడో చేరిపోయింది. రాణి కూడా ఉంది, ఆర్-ఎ-ఎన్-ఐ. రైతా మాత్రం వద్దు. అది కూడా వాళ్ల నిఘంటువులో ఉంది కానీ దాంట్లో ఎ రెండుసార్లు వస్తుంది, మీకు ఇచ్చింది ఒక్కటే. ట్రీట్, టెన్నిస్ కూడా అదే కారణంగా పోతాయి. పిల్లలు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు. ప్రతి పదం రాశాక అక్షరాల మీద ఒక్కోటిగా గీత కొట్టుకుంటూ పొమ్మనండి.

నిఘంటువు అంటే గుర్తొచ్చింది. మొదటి అక్షరం తెలిస్తేనే మామూలు నిఘంటువు పనికొస్తుంది, చివరి అక్షరాలే తెలిస్తే అది తెరిచి లాభం లేదు. అందుకే ప్రాసల నిఘంటువులని పదం చివరి నుంచి వరుస పెట్టినవి వచ్చాయి. ఇంగ్లండులో జాన్ వాకర్ 1775లోనే అలాంటిది వేశాడు. కడప వైపు వస్తే పాపను యర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకురండి. సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే కట్టారు. ఫోన్ లేకుండా ఒక మనిషి తెలుగు మాటలకు ఇంగ్లీషు అర్థాలు రాసుకుంటూ పోతే ఎంత లావు పుస్తకం అవుతుందో పిల్లలు కళ్లతో చూడాలి.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)

క్లాక్ టవర్ బాబూ, నీ పేర్చే పద్ధతి తెలుగు మాటలకు పనిచేస్తుందా?

క్లాక్ టవర్ (అనంతపురం)

రాత్రే ప్రయత్నించాను. గుణింతాలు లేని మాటలకు చక్కగా పనిచేసింది. కడప ఇస్తే పడక వచ్చింది! టీచరమ్మ గారూ, మీ ఊరికి నిద్ర ఎక్కువ కాదు కదా.

కర్నూలు ఇచ్చేసరికి పనిచేయలేదు. మన కంటికి అది క, ర్నూ, లు, మూడే అక్షరాలు. కంప్యూటర్ ర్నూ ఒక్కదాన్నే నాలుగు ముక్కలుగా దాచుకుంటుంది: ర, పొల్లు, న, దీర్ఘం గుర్తు. వరుస పేర్చగానే గుర్తులన్నీ ఊడిపోయి ఒక మూలకు చేరతాయి. ముందు అక్షరాలుగా విడగొట్టి తర్వాత పేర్చాలి. అది రాస్తున్నాను. పండగ తర్వాత ఇక్కడే పెడతాను.

ఊరకే చూసేవాడు (కడప)

కడపకు నిద్ర ఎక్కువా? అనంతపురంలో ఎండకు మధ్యాహ్నం మనిషే కనపడడు, మమ్మల్నంటారా?

మోడరేటర్

ఊళ్ల గొడవలు వేరే దారంలో పెట్టుకోండి.

ఉగ్గాని ప్రియుడు (నంద్యాల)

అచ్చులే లేని ఇంగ్లీషు పదాలు కూడా అడుగుతుంటారు. నేను రాసుకున్నవి స్కై, ఫ్లై, జిమ్, మిత్, రిథమ్, లింక్స్. అన్నిటిలో వై ఉంది. అయిదు అచ్చులూ ఉన్నదంటే ఎడ్యుకేషన్ అందరూ చెప్తారు. ఏడక్షరాల్లో అయిదు అచ్చులూ కావాలంటే సెకోయా, ఎస్-ఇ-క్యూ-యు-ఓ-ఐ-ఎ, అమెరికాలో ఒక పెద్ద చెట్టు. అవే అయిదూ ఎ, ఇ, ఐ, ఓ, యు వరుసలోనే రావాలంటే ఫెసీషియస్. ఎఫ్-ఎ-సి-ఇ-టి-ఐ-ఓ-యు-ఎస్. ఎవరికైనా పనికొస్తాయని పెడుతున్నాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

పాప లెక్క 25 దాటి ఇంకా పోతోంది. బహువచనాలు ఒక్కటీ రాయలేదు, టీచరమ్మ గారి మాట మీద. ఇన్‌సర్ట్ తనే కట్టింది. ఇప్పుడు నంబర్ ప్లేట్ల ఆట కావాలంటోంది, మా బండి మీద ఎ, పి, బి, క్యూ ఉన్నాయి.

జెడ్ సిరీస్ (కర్నూలు)

ఆ ప్లేట్లతో ఒక చిక్కుంది. సిరీస్‌లో ఐ, ఓ పెట్టరు, 1, 0 అనుకుంటారని. అచ్చులు తక్కువ పడతాయి, పిల్లలకు మొదట్లో కష్టం. మునుపు నంబరు చూసి ఊరు చెప్పేవాళ్లం, 21 అంటే మనది, 02 అనంతపురం, 04 కడప. 2019 నుంచి రాష్ట్రమంతా 39 అని మొదలుపెట్టాక ఆ ఆట పోయింది. అక్షరాల ఆటే మిగిలింది.

బి వదిలేయి అన్నా. ఎ, పి, క్యూ మూడింటితో చూడండి. ఒపేక్, ప్లాక్ వస్తాయి. రెండింటిలోనూ పి ముందు, ఎ తర్వాత. ప్లేటు వరుసలో, ముందు ఎ, తర్వాత పి, తర్వాత క్యూ వచ్చే పదం నాకు ఇంతవరకు దొరకలేదు. మనవడు రోజూ అడుగుతాడు.

మిషన్ కుట్టు (ఆదోని)

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇవాళే చేరాను. జెడ్ సిరీస్ అన్నా, అప్లిక్ చూడండి. గుడ్డ ముక్కలు పువ్వులుగా కత్తిరించి చీరల మీద, దిండు గలేబుల మీద కుడతాం కదా, ఆ పని. పుస్తకంలో స్పెల్లింగ్ ఎ-పి-పి-ఎల్-ఐ-క్యూ-యు-ఇ అని ఉంటుంది.

జెడ్ సిరీస్ (కర్నూలు)

ఎ, పి, క్యూ, వరుస తప్పలేదు! మనవడికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నానమ్మా.